స్లాబులు లెక్కపెట్టే పెద్దమనుషులారా!

మొన్నో ఆదివారం తెల్లవారీ తెల్లవారకముందే పక్కింటి అన్నయ్య ఫోను పట్టుకుని మా అరుగెక్కాడు. "ముప్పైమూడు పడిందిరా!" అన్నాడు.

ఎవరు పడ్డారని నేను అడగలేదు. రెండేళ్ళుగా ఆయన నోట పడేది ఒక్కటే. స్లాబు.

ముప్పైయారేళ్ళు రైలింజను నడిపిన మనిషి. కోర్బా బొగ్గంతా తన చేతుల మీదుగా పోయిందని చెప్పుకుంటాడు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బు, వదిన గాజులు, కొడుకు పేర తీసిన బ్యాంకు అప్పు, అన్నీ పోగుచేసి హైదరాబాదు పడమటి కొసన లేస్తున్న ఒక టవర్లో ఇరవైయేడో అంతస్తులో ఇల్లు కొన్నాడు. ఇంకా కొంటూనే ఉన్నాడు. స్లాబు పడ్డప్పుడల్లా ఒక వాయిదా. అక్కడ కాంక్రీటు గట్టిపడే కొద్దీ ఇక్కడ బిలాస్‌పూర్ తిఫ్రాలో ఆయన పాసుపుస్తకం పలచబడుతుంది.

ఆ కట్టడం గురించి ఆయనకు తెలియనిది లేదు. సెల్లార్లు ఎన్ని, రాఫ్టు మందం ఎంత, పిల్లర్లకు పోసింది ఏ గ్రేడు కాంక్రీటు, అల్యూమినియం షట్టరింగు వాడితే స్లాబు ఎన్నాళ్ళకొకటి పడుతుంది, వాన పట్టుకుంటే ఎన్నాళ్ళు వెనక్కి పోతుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నెలకోసారి డ్రోను వీడియో వస్తుంది. టవర్ క్రేను చెయ్యి చాపి తిరుగుతుంటే వెనకాల వీణ మోగుతుంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ అది చూపిస్తాడు. అందులో అక్కడక్కడా పసుపు టోపీలు కదులుతుంటాయి. ఆవగింజలంత.

మా సందు చివర, పదకొండు గుమ్మాలు దాటాక, పెంకుటింటి గదిలో ఒకామె ఉంటుంది. అందరం కాకీ అంటాం, పిన్ని అన్నట్టు. నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. ఆ నాలుగింటిలో అన్నయ్య ఇల్లూ ఒకటి. ఆమె కొడుక్కి ఇరవై రెండేళ్ళు. నిరుడు వరి కోతలయ్యాక కూలీలను కుదిర్చే ఠేకేదారు వెంట హైదరాబాదు వైపు పోయాడు. కొడుకెక్కడున్నాడని అడిగితే ఈ నేల మీద తరతరాల ఆడవాళ్ళు చెప్పిన మాటే ఆమె కూడా చెబుతుంది: "కమాయే ఖాయే బర్ గే హే." సంపాదించుకు తినడానికి పోయాడు. ఏ పేటలో? తెలియదు. ఎవరి పనిలో? తెలియదు. పెద్ద బిల్డింగట. అంతే తెలుసు. వాడి ఫోను ఇరవై రోజులుగా పలకడం లేదు.

ఒక రాత్రీ ఒక పగలూ రైల్లో పోతే గాని రాని ఊళ్ళో తెల్లవారుజామున స్లాబు పడిన సంగతి సూర్యుడు లేచేలోగా ఒక ఇంటికి తెలిసింది. అలాంటి స్లాబుకే ఊచలు కట్టడానికి పోయిన కుర్రాడు బతికున్నాడో లేదో పదకొండు గుమ్మాల అవతలి ఇంటికి తెలియదు.

ఆ పదకొండు గుమ్మాల దూరం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఈ రాత అందుకే. చదివితే మీకు కోపం రావాలి. రాకపోతే నా కలం మొద్దుబారిందన్నా అనుకోవాలి, మీ చర్మం మందమైందన్నా అనుకోవాలి.

మీ సంగతే మాట్లాడుతున్నాను. అవును, మీరే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్నా, భిలాయిలో ఉన్నా, విశాఖలో ఉన్నా, అమెరికాలో కూర్చుని కూకట్‌పల్లి అవతల నేల కొన్నా మీరంతా నాకు ఒకే బంతిలో కనిపిస్తున్నారు. పెళ్ళిలో కలిసినా, చావింట్లో కలిసినా మీ కుశలప్రశ్న ఒకటే: "మీది ఎంతవరకు లేచింది?" ఎవరి టవరు ఎన్నో అంతస్తు దాటిందో చెప్పుకోవడంలో మీకు పిల్లల మార్కులు చెప్పుకున్నంత మురిపెం. లాబీకి వేసే రాయి ఇటలీదా కాదా అని పోట్లాడతారు. ఈతకొలను ఎన్నడుగులు తగ్గిందో టేపు పట్టి కొలుస్తారు. నమూనా ఇంట్లో చూపించిన తలుపు గడియ ఒకటి, బిగించింది వేరొకటి అని తెలిస్తే నూటయాభై మంది ఒక్కటై బిల్డరు ఆఫీసు ముందు బైఠాయిస్తారు. మీకు ఐకమత్యం చేతకాదని ఎవడంటాడు? గడియ కోసం ధర్నా చేసిన చేతులు మీవి.

ఆ గడియ బిగించినవాడి పేరు ఒక్కరికైనా తెలుసా?

మనం ఎవరమో ముందు గుర్తు చేయాలి. మరిచిపోయినట్టు నటించేవాళ్ళకు మరీ గట్టిగా చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. బిలాస్‌పూర్ దాని జంక్షనైంది. 1931 నాటికి రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా పట్టాలు కలిశాయి. ఆ పట్టాల మీదుగానే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఇక్కడికొచ్చారు. మా తాత గ్యాంగ్‌మ్యాన్. కంకర మోశాడు, స్లీపర్లు మోశాడు, ఎండకు మాడాడు. ఈ ఊరి వాళ్ళకు ఆయన భాష రాదు, ఆయనకు వీళ్ళ భాష రాదు. ఆయన పేరు దొర నోట్లో ఎన్నడూ సరిగా పలకలేదు. ఇవాళ బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. సరుకు రవాణాలో తన రాబడి చూసి రొమ్ము విరుచుకునే జోను. ఆ కేంద్రం పునాదిలో మా తాత నడుముంది, మీ తాత మోకాళ్ళున్నాయి.

అప్పుడు మనం వలస వచ్చి వీళ్ళ ఊళ్ళో పట్టాలు వేశాం. ఇప్పుడు వీళ్ళు వలసపోయి మన ఊళ్ళో మేడలు కడుతున్నారు. ఉత్తరాదిన ఇటుక బట్టీల దగ్గర 'బిలాస్‌పురియా' అంటే ఊరి పేరు కాదు, కూలివాడని అర్థం. ఒక ఊరి పేరే కూలికి పర్యాయపదమైంది. ఆ ఊళ్ళో వందేళ్ళు అన్నం తిన్నవాళ్ళం మనం. ఆ బిలాస్‌పురియా బిడ్డ మన ఇల్లు కడుతుంటే వాడి క్షేమం అడగడానికి మనకు నోరు పెగలడం లేదు.

మా నాన్న ట్రైన్స్ క్లర్కు. ఆ ఉద్యోగమేమిటో ఈ తరానికి తెలియదు. యార్డులో బండి ఆగితే లాంతరు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి ఒక్కొక్క వ్యాగను నంబరూ రాసుకోవాలి. వానలో తడిసిన కాగితం మీద పెన్సిలు పట్టదు, అయినా రాయాల్సిందే. ఒక్క నంబరు తప్పితే సంజాయిషీ. "వ్యాగను పోతే రైల్వే పోయినట్టేరా" అనేవాడు నాన్న. ఇప్పుడు ప్రతి వ్యాగనుకూ 11 అంకెల నంబరుంది. కంప్యూటరులో కొడితే అది ఏ యార్డులో ఉంది, నిండుగా ఉందా ఖాళీగా ఉందా, ఎప్పుడు కదిలింది, అన్నీ బయటపడతాయి. ఉత్త ఇనప డబ్బా. దాని జాడ దేశమంతటికీ తెలుసు.

కూలికీ నంబరిచ్చారు. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ అని మొదలుపెట్టి ఒక్కొక్కరికీ 12 అంకెలు ఇచ్చారు. వ్యాగను కన్నా ఒక అంకె ఎక్కువే. కాకీ కొడుక్కీ ఆ కార్డుంది. ఆమె దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది. ఆ 12 అంకెలు కొడితే వాడు ఏ టవరు మీదున్నాడో చెప్పగల మొనగాడు ఎవరైనా ఉంటే ముందుకు రండి. నేను తిఫ్రా బస్టాండులో నిలబడి మీ కాళ్ళు మొక్కుతాను.

2022 ఏప్రిల్ గుర్తుందా? కరెంటు కంపెనీలకు బొగ్గు చాలడం లేదని ఈ జోనులో మనుషులెక్కే రైళ్ళను వరసపెట్టి రద్దు చేశారు. ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ కళ్ళ ముందు నుంచే బొగ్గు బండ్లు పోయాయి. నాకు ఆనాడే అర్థం కావలసింది. ఈ దేశంలో దేనికి ముందు సిగ్నలిస్తారో ఆనాడే తేలిపోయింది.

ఇక మీ చట్టం దగ్గరకొద్దాం. ఇల్లు కొనేవాడి కోసం 2016లో రెరా తెచ్చారు. మంచి చట్టమే. కొన్నవాళ్ళు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలంది. రాతకోతలు కాకుండా పది శాతానికి మించి పుచ్చుకోకూడదంది. ఆలస్యమైతే వడ్డీ కట్టాలంది, అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలంది. మూడు నెలలకోసారి కట్టడం ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ కనబడేలా పెట్టాలని బిల్డరు మెడ మీద కత్తి పెట్టింది. ఎన్ని ఇళ్ళు అమ్ముడయ్యాయి, ఎన్ని కారు గ్యారేజీలు అమ్ముడయ్యాయి, ఏ అనుమతులు వచ్చాయి, ఇంకా ఏవి రావాలి, అన్నిటికీ అందులో గడులున్నాయి.

కార్లు నిలిపే చోటుకు గడి ఉంది. ఆ మూడు నెలల్లో ఎంతమంది పడిపోయారో రాయడానికి గడి లేదు.

కారుకు గడి. శవానికి లేదు. ఈ ఒక్కమాట మీరు గోడ మీద రాసి పెట్టుకున్నా నాకు చాలు.

వలస కూలి కోసం చట్టాలు లేక కాదు. 1979లోనే ఒకటి చేశారు. ఠేకేదారుకు లైసెన్సుండాలి, కూలికి ఫోటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలి, పనిలో చనిపోయినా గట్టి దెబ్బ తగిలినా రెండు రాష్ట్రాల అధికారులకూ ఇంటివాళ్ళకూ కబురు పంపాలి. అవును, ఇంటివాళ్ళకు కబురు పంపాలని చట్టంలో రాసుంది! 45 ఏళ్ళు దాటింది. ఇప్పుడా చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు. కాకీ ఆ పాసుబుక్కు రంగు ఎలా ఉంటుందో కూడా చూడలేదు. 1996లో ఇంకో చట్టం చేశారు. కట్టడం ఖర్చు మీద కనీసం ఒక శాతం సెస్సు వసూలు చేసి కూలీల సంక్షేమానికి పెట్టమన్నారు. వేల కోట్లు వసూలయ్యాయి. ఆ డబ్బు ఖర్చుకాకుండా మూలుగుతుంటే 2018లో సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు గట్టిగా గడ్డి పెట్టింది. కూలివాడి పేరు చెప్పి తీసిన రూపాయి కూలివాడి దాకా నడవలేకపోయింది. అదే రూపాయి బిల్డరుదైతే గంటలో చేరేది.

మీలో కొందరికి ఇప్పటికే విసుగు పుట్టి ఉంటుంది. "ప్రమాదాలు ఎక్కడ జరగవు?" అంటారు. జరిగినవి చెబుతాను, వినండి.

2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రాంగూడలో ఏడంతస్తుల కట్టడం పేకమేడలా కూలింది. చిన్న జాగా, అనుమతుల్లేని అంతస్తులు. 11 మంది చచ్చిపోయారు. చాలామంది విజయనగరం జిల్లావాళ్ళు. మన తాతలు బయల్దేరిన పల్లెల మనుషులే, ఈసారి బిలాస్‌పూర్ వైపు కాకుండా హైదరాబాదు వైపు పోయారు. అంతే తేడా. కడుతున్న మేడలోనే కింద కాపురం పెట్టుకున్నారు. కట్టే ఇంట్లో పడుకోవడమే వాళ్ళకు దక్కిన ఇల్లు.

2024 మే 7 సాయంత్రం బాచుపల్లిలో కుండపోత. కడుతున్న అపార్ట్‌మెంటు పక్కన లేపిన గోడ కూలీల రేకుల షెడ్ల మీద పడింది. ఏడుగురు పోయారు. ఒడిశా వాళ్ళు, మన ఛత్తీస్‌గఢ్ వాళ్ళు. నాలుగేళ్ళ పసివాడు ఒకడు. ఆ రాత్రి హైదరాబాదులో టీవీలన్నీ ఏ రోడ్డు మీద ఎన్నడుగుల నీళ్ళు నిలిచాయో చూపించాయి. మరుసటి వారానికి ఆ ఏడుగురి ఊసు లేదు. మా అన్నయ్యకు ఆ నెల కూడా డ్రోను వీడియో వచ్చింది. వీణతో సహా.

చదువుకున్న పెద్దమనిషి ఒకాయన నాతో తగువు పెట్టుకున్నాడు. "మేం కొనబట్టే వాళ్ళకు పని దొరుకుతోంది. మేం కొనకపోతే వాళ్ళు ఏం తింటారు?" అన్నాడు. ఇంత సిగ్గుమాలిన మాట ఇంత ఇస్త్రీ చొక్కాలోంచి రావడం చూస్తే నాకు కడుపులో దేవింది. మా తాతకూ బెంగాల్ నాగపూర్ కంపెనీ ఇదే మాట చెప్పింది. మేం రైలు వేయబట్టే నీకు కూడు అంది. ఆ మాట నమ్మి తలొంచుకుని ఉంటే ఇవాళ ఈ పెద్దమనిషికి పింఛనెక్కడిది? 1928లో అదే రైల్వేలో పని పోగొట్టుకున్నవాళ్ళ తరఫున వి.వి. గిరి ముందు నిలబడి సమ్మె నడిపి కంపెనీ మెడలు వంచాడు. 1974 మేలో దేశమంతా రైళ్ళు ఆగాయి. ఉద్యోగాలు పోయాయి, జైళ్ళు నిండాయి, క్వార్టర్ల నుంచి సామాన్లు వీధిలోకి విసిరేశారు. మీ క్వార్టరు, మీ రైల్వే ఆస్పత్రి, మీ ఫస్టుక్లాసు పాసు, మీ గ్రాట్యుటీ ఇవేవీ దొర దయతలిచి పెట్టిన భిక్ష కావు. పక్కవాడు దెబ్బలు తిని గెలిచిచ్చినవి. ఆ గ్రాట్యుటీతోనే ఇల్లు కొంటున్నారు. కొంటూ, ఆ ఇల్లు కట్టేవాడికి మాత్రం పనే పదివేలంటున్నారు!

రైలు మనకు నేర్పిన నీతి ఇదేనా?

ఇంకొకాయన మరీ తెలివైనవాడు. "ప్రభుత్వం చూసుకోవాలి, మనకెందుకు" అన్నాడు. ప్రభుత్వాన్ని నేను నా కళ్ళతో చూశాను. 2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ క్యాంపసు కడుతున్న వేలాది కూలీలు, జీతాలు లేవు, ఇంటికి పోనివ్వరు, ఇక ఓపిక లేదని తిరగబడ్డారు. రెండు రోజులు తిరక్కుండా, మే 1న తెల్లవారుజామున, లింగంపల్లి నుంచి హతియాకు 1,200 మందితో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. మేడే నాడు. తిరగబడితే గాని రైలు రాలేదు. అంతకుముందు నెల పైచిలుకు వాళ్ళు దండం పెట్టి అడిగారు, ఎవడూ వినలేదు. ఆ ఏప్రిల్‌లోనే ములుగు వైపు మిరప కోతకు వచ్చిన బీజాపూర్ పిల్ల ఒకతె, పన్నెండేళ్ళది, అడవి దారిన నడిచి నడిచి ఇల్లు దగ్గరపడుతుండగా ప్రాణం విడిచింది.

ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగారు, లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారని. అలాంటి లెక్క ఉంచలేదు, కాబట్టి పరిహారం ప్రశ్నే రాదు అని కార్మిక శాఖ చెప్పింది. అదే నెలలో అదే పార్లమెంటులో రైల్వే మంత్రి కూలీలను ఇళ్ళకు చేర్చిన శ్రామిక్ రైళ్ళలో 97 మంది చనిపోయారని అంకెతో సహా చెప్పాడు. నేను రైల్వే బిడ్డను గనుక చెబుతున్నాను, ఆ 97 నాకు గర్వం కాదు, ఏడుపు. కానీ ఒక సంగతి మాత్రం రుజువైంది. లెక్కపెట్టాలనుకుంటే లెక్క దొరుకుతుంది. దొరకలేదన్నవాడు లెక్కపెట్టలేదన్నమాట.

ఇక్కడి నాయకులనూ వదలను. 2022 మేడే నాడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'బోరే బాసీ' పండగ చేసింది. బోరే బాసీ అంటే నీళ్ళలో నానిన అన్నం, మన చద్దన్నం, మన తరవాణి. కూలివాడి తిండికి గౌరవమట. మంత్రులూ కలెక్టర్లూ వరసగా కూర్చుని ఉల్లిపాయ కొరికి ఫోటోలు దిగారు. ఆ అన్నం తినే మనిషి ఆ రోజు ఏ ఊళ్ళో ఎన్నో అంతస్తు మీదున్నాడో ఆ వరసలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరికైనా తెలుసా? కూలివాడి కంచాన్ని లాక్కుని ఫోటో దిగారు, కూలివాణ్ణి మాత్రం రైలెక్కించారు. అవతలి వైపు హైదరాబాదులో 2006 నాటి జీవో 86 నుంచి ఎంత ఎత్తయినా లేపుకోండని తలుపులు బార్లా తీశారు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరా 100 కోట్లు దాటి పలికిందని తెలంగాణ ప్రభుత్వమే చంకలు గుద్దుకుంది. ఎకరా ధర చెప్పేటప్పుడు 75 లక్షలు కూడా వదలకుండా 100.75 కోట్లని కచ్చితంగా చెప్పారు. ఆ ఎకరం మీద ఎంతమంది పని చేస్తారో, వాళ్ళు ఎక్కడ పడుకుంటారో చెప్పడానికి ఒక్క అంకె కూడా నోట రాలేదు.

బిలాస్‌పూర్ స్టేషనుకు ఒక పాత అప్పుంది. రవీంద్రనాథ్ ఠాగూరు వందేళ్ళ కిందట ఈ స్టేషను మీద 'ఫాంకీ' అని ఒక కవిత రాశాడు. ఫాంకీ అంటే మోసం. జబ్బుతో ఉన్న భార్యను గాలి మార్పుకు తీసుకుపోతూ ఒకతను ఇక్కడ రైలు మారడానికి ఆరు గంటలు ఆగుతాడు. స్టేషనులో కూలి పెళ్ళాం రుక్మిణి తన కూతురి పెళ్ళికి 25 రూపాయలు కావాలని ఆ ఇల్లాలి దగ్గర కష్టం చెప్పుకుంటుంది. ఇచ్చి రమ్మని భార్య మొగుణ్ణి పంపుతుంది. అతను రుక్మిణిని పక్కకు పిలిచి, పని తీయించేస్తానని బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి తరిమేస్తాడు. ఇచ్చానని భార్యకు చెబుతాడు. ఆమె ఆ సంతోషంతోనే కన్నుమూస్తుంది. తర్వాత అపరాధం పీక పట్టుకుంటే అతను ఆ మిగతా డబ్బు తీర్చుకుందామని మళ్ళీ బిలాస్‌పూర్‌కు వస్తాడు. రుక్మిణి ఎక్కడని అడుగుతాడు. ఎవరికీ తెలియదు. ఎక్కడికి పోయిందో చెప్పేవాడే లేడు.

మన ఊరివాళ్ళు ఆ కవితను స్టేషనులో గౌరవంగా పెట్టుకున్నారు. దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. దాని పక్కనే, నేల మీద, మూటలూ వంటగిన్నెలూ పిల్లలూ పెట్టుకుని రుక్మిణి కుటుంబాలు రైలు కోసం కూర్చుని ఉంటాయి. ఫోటోలో వాళ్ళు పడకుండా కాస్త పక్కకు జరగమంటారు. నేను కళ్ళారా చూశాను. నాకు చెయ్యి లేచింది. ఆపుకున్నాను, ఇప్పుడు కలం లేపాను.

మీ చేతిలో ఏముందని అడుగుతారు. చాలా ఉంది. మీరు చేతకానివాళ్ళలా నటించకండి, నాకు అసహ్యం. స్లాబు పడితేనే వాయిదా కట్టే ఒప్పందం మీది. అంటే ఆ టవరులో ఒక్కొక్క అంతస్తు మీ సంతకంతో లేస్తుంది. మీరు కట్టకపోతే క్రేను తిరగదు. బిల్డరు కోర్టుకు భయపడడు, లేబరు ఇనస్పెక్టరుకు భయపడడు, వాయిదా ఆగుతుందంటే మాత్రం ఆ రాత్రి నిద్రపోడు. తలుపు గడియ కోసం మీరు అతని మెడ వంచారు కదా. అదే మెడ, అవే చేతులు.

ఇవన్నీ ఆ ఆదివారం అన్నయ్యతోనే మొదలుపెట్టాను. గట్టిగానే అరిచాను. వదిన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "నేను బండి నడిపినన్నాళ్ళూ పట్టాల మీద గ్యాంగ్‌మ్యాన్ కనిపిస్తే హారను కొట్టకుండా పోలేదురా." ఆ మాటకు నా కోపం సగం దిగింది. ఈయన మంచివాడు. మీరూ మంచివాళ్ళే అయ్యుంటారు. మంచివాళ్ళు హారను కొట్టడం మానేయడమే నన్ను కాల్చేస్తున్నది.

ఇద్దరం కూర్చుని బిల్డరుకు తెలుగులో ఉత్తరం రాశాం. ఈ మూడు నెలల్లో మీ కట్టడం మీద ఎంతమంది పనిచేశారు, వాళ్ళలో సంక్షేమ బోర్డులో పేరున్నవాళ్ళు ఎందరు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరైనా చనిపోయారా, పోతే వాళ్ళ ఇంటికి ఎవరు కబురు చేశారు, ఎంత ఇచ్చారు. అడుగున కాకీ కొడుకు పేరు, ఊరు, ఆ 12 అంకెలూ రాసి, ఈ కుర్రాడు మీ దగ్గరున్నాడా అని అడిగాం. అన్నయ్య సంతకం పెట్టాడు. రిజిస్టరు పోస్టులో పంపాం. వారం తర్వాత ఫోను చేస్తే ఆఫీసు అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది: "అంకుల్, ఆ వివరాలు మా సిస్టంలో ఉండవు. ఏదైనా ఉంటే లేబర్ కాంట్రాక్టరుకి తెలుస్తుంది." లేబర్ కాంట్రాక్టరు ఎవరని అడిగాం. అది ఇవ్వకూడదట.

మూడోనాడు వాళ్ళ నుంచి కాగితం వచ్చింది. మా ఉత్తరానికి జవాబనుకుని వదిన పరుగున తెచ్చింది. జవాబు కాదు. ముప్పైనాలుగో స్లాబు పడిందట. 15 రోజుల్లో వాయిదా కట్టాలట, దాటితే వడ్డీ.

ఆరు రోజులు గడిచాయి. చెక్కుబుక్కు అన్నయ్య బల్ల మీదే ఉంది, సంతకం ఇంకా పడలేదు. కాకీ పొద్దున అంట్లు తోమడానికి వచ్చినప్పుడు ఆ బల్ల తుడుస్తుంది.